మధ్యలో ఎక్కిన ఆకుపచ్చ మఫ్లరు

సెలూన్‌లో మొదటి కుర్చీ దగ్గర క్షవరాలు చేసే ఆయనకి చేతులు మణికట్టు దాకా ఆకుపచ్చగా మారిపోయాయి. సబ్బు పెట్టి తోమాడు, షాంపూ పోసి రుద్దాడు, చివరికి గడ్డం గీసే క్రీము కూడా పట్టించాడు. అబ్బే! ఆ రంగు ససేమిరా వదలనంది. గడ్డం గీయించుకోడానికొచ్చిన బ్యాంకు మేనేజరు ఆ చేతులు చూసి కుర్చీలోంచి సగం లేచాడు.

"ఏమయ్యా, ఇదేం అంటుకునే జబ్బు కాదు కదా?"

"అయ్యో, జబ్బేంటండీ బాబూ! రంగు. ఒట్టి రంగు. తువ్వాలుకి రంగేసి మఫ్లరు చేశాను. రేపు మా అమ్మాయితో కలిసి మేళాకి వెళ్తున్నానండీ!"

చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది. 'మా అమ్మాయి' అన్న మాట షాపులో ఎంత దర్జాగా అంటాడో, ఇంట్లో అనడానికి అంత జంకుతాడు మహానుభావుడు. ఎందుకంటే ఆ అమ్మాయి ఆయన్ని ఇంతవరకూ ఏమనీ పిలవలేదు.

సంగతేంటంటే, ఆయన ఆ ఇంటికి కొత్త. ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మని పెళ్లి చేసుకుని, రెండు సూట్‌కేసులూ ఒక కత్తెర్ల పెట్టే పట్టుకుని కిందటేడే ఆ ఇంట్లో అడుగుపెట్టాడు. అప్పటికే తల్లీకూతుళ్లకి వాళ్ల పద్ధతులు వాళ్లకున్నాయి. ఏ కప్పు ఎవరిదో, సోఫాలో ఏ మూల ఎవరిదో అన్నీ ఎప్పుడో ఖాయమైపోయాయి. పిల్ల కన్నతండ్రి, అది బడిలో చేరకముందే, ఒకరోజు సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఫోనైనా చేయలేదు. అందుకని పిల్ల ఈ కొత్తాయనతో పోట్లాడిందా అంటే, అదీ లేదు. పోట్లాడినా బాగుండును! గుమ్మంలో నిలబడ్డ చుట్టానికి ఇచ్చే మర్యాద ఇచ్చేది. "మీరు టీ తాగుతారా?" "మీరు టీవీ చూస్తారా, నేను లేవనా?" ఇక పిలవక తప్పదంటే "ఇదిగోండి" అనేది. అదీ కాకపోతే, ఆయన ఎదురుగా కూర్చునుండగానే "అమ్మా, ఆయనకి చెప్పు" అనేది.

ఆ పిల్లని ఇంట్లో గువ్వ అంటారు. పదమూడేళ్లు. దాని ప్రాణమంతా 'మబ్బుల ఓడ' మీదే.

'మబ్బుల ఓడ' అంటే టీవీ సీరియల్ లెండి. నీళ్ల మీద కాకుండా మబ్బుల మీద తేలే ఓడ. దానికి ఎర్రకోటు వేసుకునే కెప్టెనమ్మ, సుత్తి చేత్తో పట్టుకుని ఓడంతా తిరిగే మరమ్మతుల బామ్మ, ఇంజను గదిలో మసికొట్టుకుపోయి గెంతుతుండే నిప్పురవ్వ అనే పిల్ల. ఐదు భాగాలు వచ్చి ఎప్పుడో అయిపోయింది. అయినా అభిమానులు తగ్గారా? ఇంకా పెరిగారు! గువ్వ జడకి నిప్పురవ్వ కట్టుకునే నారింజ రిబ్బను, బూట్లకి ఒకటి ఎర్ర లేసు, ఒకటి నల్ల లేసు, బడి బ్యాగు జిప్పుకి చిన్న లంగరు. యూనిఫాంలో టీచర్లకి దొరక్కుండా చేసుకునే సోకులు అవి. తెలిసినవాళ్లు దూరం నుంచే గుర్తుపట్టేవాళ్లు. తెలియనివాళ్లు పాపం, ఈ పిల్లకి లేసులు కొనిచ్చే దిక్కు లేదనుకునేవాళ్లు.

మన సెలూన్ ఆయనకి ఇదంతా మొదట్లో అయోమయమే. ఒక ఆదివారం గువ్వ గదిలోంచి పకపకా నవ్వు వినబడింది. అలాంటి నవ్వు ఆ ఇంట్లో ఆయన అంతవరకూ వినలేదు. తన ఎదుట ఎప్పుడూ అలా నవ్వలేదు మరి. అంతగా నవ్వించేది ఏమిటో చూద్దామనుకున్నాడు, అంతే. మర్నాడు సెలూన్ టీవీలో మొదటి భాగం పెట్టాడు.

ఇక చూడండి ఆ తిప్పలు! కత్తెర గాల్లోనే ఆగిపోవడం, సగం గడ్డంతో జనం కూర్చుండిపోవడం. రెండో కుర్చీ ఆయన, అంటే ఆయన పక్క కుర్చీలో పని చేసే నేస్తం, మొదట "ఇదేం పిల్లల ఆటయ్యా" అని పెదవి విరిచాడు. వారం తిరిగేసరికి దువ్వెన్ల డబ్బా మీద 'ఇంజను గది' అని రాసింది ఆయనే. షాపు తలుపు తీస్తూనే ఒకడు గుండె మీద పిడికిలి పెట్టి రెండు వేళ్లు ఆకాశానికెత్తి "గాలి మనదే!" అంటే, ఇంకొకడు "ఓడ మనదే!" అనేవాడు. ఓడ జనం పెట్టుకునే దణ్ణం అది.

అందరిలోకీ మన ఆయనకి నచ్చినవాడు దిక్సూచి. ఆకుపచ్చ మఫ్లరు, చెవి పైన జుట్టులో తెల్ల చార, ఓడకి దారి చెప్పే పని. రెండో భాగంలో వస్తాడు. మిగతావాళ్లంతా మొదటినుంచీ కలిసున్నవాళ్లు, వాడొక్కడే మధ్యలో ఎక్కినవాడు. మొదట్లో వాణ్ని ఎవరూ నమ్మరు, పక్కన కూర్చోనివ్వరు. వాడు నోరెత్తి ఒక్కమాట అనకుండా ఎవరికి చలేస్తుందో, ఎవరికి ఏ పాటంటే ఇష్టమో కనిపెట్టి చేస్తూ పోతాడు. ఆ ఎపిసోడ్ చూసి మన ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. కస్టమరు మెడ చుట్టూ ఉన్న తువ్వాలుతో.

"ఏంటండీ ఏడుస్తున్నారు?" అన్నాడు ఆ కస్టమరు.

"వెంట్రుక పడిందండీ."

గువ్వకి ఇది తెలిసిందెలాగంటే, ఓ సాయంత్రం ఇంటి తాళంచెవి ఇవ్వడానికి షాపుకొచ్చింది. లోపల ఈయన ఒకరికి నురగ పట్టిస్తూ సీరియల్ మొదట్లో వచ్చే పాట కూనిరాగం తీస్తున్నాడు. రెండో కుర్చీ ఆయన అందుకు తాళం వేస్తున్నాడు. గువ్వ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మీరు... ఏ భాగంలో ఉన్నారు?"

ఆయనకి కాళ్లు నేలమీద ఆనలేదు. టీ తాగుతారా, టీవీ చూస్తారా అని కాకుండా ఆ పిల్ల తనని అడిగిన మొదటి ప్రశ్న అది.

"రెండోది అయిపోవచ్చిందమ్మా."

"సరే, ఇక ఒంటరిగా చూడకండి. మూడో భాగం నుంచి ఆదివారాలు నాతో చూడాలి. ఇంకోటి. ముందు ఏం జరుగుతుందో ఎవర్నీ అడక్కూడదు. ఎవరైనా చెప్పబోతే చెవులు మూసేసుకోవాలి. చూసినవాళ్లు చూడనివాళ్లకి కథ చెప్పడం మాలో మహా తప్పు. 'నోటితాళం' అని ఒక్కసారి అంటే చాలు, ఎంతటివాళ్లైనా నోరు మూసేయాల్సిందే."

ఆ మాట ఆయన వేదవాక్కుగా పాటించాడు. ఒకసారి ఒక కాలేజీ కుర్రాడు కుర్చీలో కూర్చుని "అంకుల్, అసలు నాలుగో భాగంలో ఏమవుతుందంటే" అని మొదలెట్టాడు. ఈయన కత్తెర వాడి చెవి పక్కన ఆపి, "బాబూ, నోటితాళం. నా చెయ్యి అసలే వణుకుతోంది" అన్నాడు. కుర్రాడు మళ్లీ నోరెత్తితే ఒట్టు.

ఆదివారాలు సోఫాలో గువ్వ మూల పక్కనే ఈయనకీ ఓ మూల దొరికింది. దిక్సూచి తెర మీదికి రావడం ఆలస్యం, "చూశావా గువ్వా, ఎంత మంచివాడో! వీడే లేకపోతే ఓడ ఏమయ్యేది?" అని మురిసిపోయేవాడు. గువ్వ పెదవి కొరుక్కుని "బిస్కెట్ తీసుకోండి" అనేది. ఎప్పుడు దిక్సూచిని పొగిడినా బిస్కెట్టే. నర్సమ్మ డ్యూటీ నుంచొచ్చి ఇద్దర్నీ చూసి, "ఒక పిచ్చిని భరిస్తున్నాననుకుంటే ఇప్పుడు జంటయ్యారు నాయనా!" అని తల పట్టుకునేది. పట్టుకున్న చేతుల వెనకాల నవ్వు దాచుకునేది కూడా.

అంతలో మేళా వచ్చింది. పక్క పట్నంలో ఏడాదికోసారి 'మబ్బుల ఓడ' అభిమానులంతా వేషాలేసుకుని కలిసే పెద్ద సంబరం. సీరియల్ తీసిన అసలు ఓడ సెట్టునే తెచ్చి అక్కడ నిలబెడతారు. ఎప్పుడూ తల్లే తీసుకెళ్లి, గువ్వని గేటు దాకా దింపి తను బజారుకి పోయేది. ఈసారి ఆవిడకి సెలవు దొరకలేదు.

"ఆయనతో వెళ్తావా?" అంది తల్లి.

గువ్వ చాలాసేపు ఆలోచించి, "మీకు నిజంగా రావాలనుందా?" అని ఈయన్నే సూటిగా అడిగింది. ఉందా అంటే ఏం చెప్తాడు? తల ఊగిన ఊపుకి మెడ పట్టేసింది. "సరే, ఈసారికి వెళ్లి చూద్దాం" అంది గువ్వ.

ఆ 'ఈసారికి' అన్న మాట ఆయన్ని నిద్రపోనివ్వలేదు. రేపు సరిగ్గా జరిగితే వచ్చే ఏడూ ఉంటుంది, ఆపై ఏడూ ఉంటుంది. ఏదైనా తేడా చేశానో, మళ్లీ 'మీరు టీ తాగుతారా' దగ్గరికే పోతాం. అందుకే అంత శ్రద్ధగా మఫ్లరుకి రంగేసుకున్నాడు. రెండో కుర్చీ ఆయన కూడా ప్రాణం పెట్టి ఆయన చెవి పైన తెల్ల చార తీశాడు.

పొద్దున్నే పొడుగు కోటు, ఆకుపచ్చ మఫ్లరు, తెల్ల చారతో గదిలోంచి బయటికొచ్చి గుండె మీద పిడికిలి పెట్టుకుని "గాలి మనదే!" అన్నాడు. మోటారుసైకిల్ వాళ్లు పెట్టుకునే కళ్లజోడు నుదుటికి తగిలించుకుని నిప్పురవ్వ వేషంలో ఉన్న గువ్వ "ఓడ మనదే" అనాల్సింది. అనలేదు. మొహం పాలిపోయింది.

"మీరు... దిక్సూచి వేషం వేశారా?"

"ఇంకెవరి వేషం వేస్తాననుకున్నావ్?"

"కెప్టెన్ కోటైతే బాగుండేదేమో. పోనీ మరమ్మతుల బామ్మ..."

"బామ్మ వేషమా? మీసాలతోనా?"

గువ్వ నోరు తెరిచింది, మూసేసింది. తల్లి వంక చూసింది. తల్లికి ఆ సీరియల్‌లో ఎవరు ఎవరో తెలిస్తే కదా! "భలే ఉన్నారండీ" అని ఆవిడ మఫ్లరు ఇంకాస్త సర్దింది.

రైలెక్కారు. పెట్టెలో సగం మంది ఎర్రకోట్ల వాళ్లే. ఈయన ఆనందం చూడాలి! కనబడ్డ ప్రతివాళ్లకీ రెండు వేళ్లెత్తి దణ్ణాలు పెట్టేస్తున్నాడు. ఎదుటి సీట్లో ఓ చంటిది ఆ మఫ్లరు చూసి "ఊఊఊ!" అని మూతి సున్నాలా చుట్టింది. వాళ్లమ్మ నవ్వాపుకుంటూ దాని నోరు నొక్కింది. ఈయన అది కొత్తరకం దణ్ణమనుకుని తనూ "ఊఊఊ" అన్నాడు.

గువ్వ మాత్రం కిటికీకి అతుక్కుని కూర్చుంది. కాసేపటికి మెల్లిగా, "ఉక్కగా లేదూ? ఆ మఫ్లరు ఇవ్వండి, నా బ్యాగులో పెడతాను" అంది.

"నాకేం ఉక్క లేదమ్మా, హాయిగా ఉంది."

స్టేషన్‌లో దిగాక మళ్లీ అడిగింది. రోడ్డు దాటాక ఇంకోసారి అడిగింది. అప్పుడు తట్టింది ఆయనకి. ఈ పిల్లకి నా పక్కన నడవడం నామోషీగా ఉంది. ఉండదూ మరి? రంగేసిన తువ్వాలు, ఆకుపచ్చ చేతులు, ఈ వయసులో వేషాలూ! అయినా మొహం చిన్నబుచ్చుకోకుండా, "గువ్వా, ఇబ్బందిగా ఉంటే చెప్పమ్మా. నేను కాస్త వెనకాలే నడుస్తాను. నువ్వు నీ వాళ్లతో వెళ్లు" అన్నాడు.

"అయ్యో, అది కాదండీ!" గువ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను చెప్పలేను. మీకు చెప్పకూడదు!"

చెప్పలేనిది ఇంకేముంటుంది, సిగ్గనే కదా? అని ఆయన ఓ నాలుగడుగులు వెనకబడే నడిచాడు.

మేళా జరిగే హాలు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ బాధంతా ఒక్క క్షణం మాయమైంది. అబ్బబ్బ! గేటు ముందు జనమే జనం. ఎర్రకోట్లు, సుత్తులు, రిబ్బన్లు, కళ్లజోళ్లు. ముసలివాళ్లు, ఉయ్యాల సంచుల్లో పాపాయిలు, చక్రాల కుర్చీకి తెరచాప కట్టుకొచ్చిన ఒక పెద్దాయన. గేటు నుంచి లోపలికి ఒక పొడుగాటి చెక్క వంతెన, ఆ వంతెన చివర నిజమైన మబ్బుల ఓడ! వంతెన ఎక్కిన ప్రతివాళ్ల వేషం పేరూ గేటు దగ్గరి ఎర్రకోటు భారీ మనిషి మైకులో అరుస్తున్నాడు. జనం కేకలతో స్వాగతం చెబుతున్నారు. గువ్వ ముందు ఎక్కింది. "ఇంజను గది నుంచి నిప్పురవ్వ!" హోరుమని చప్పట్లు.

ఈయన వెనకాలే వంతెన మీద కాలు పెట్టాడు. గుండె మీద పిడికిలి, మొహమంతా నవ్వు.

మైకు మనిషి ఊపిరి బాగా పీల్చుకుని, సాగదీసి, "ఇదిగో... వచ్చాడు... ది...క్సూ...చీ!" అన్నాడు.

"ఊఊఊఊఊ!"

హాలు కప్పు లేచిపోయేలా అరిచారు. వందలమంది బొటనవేళ్లు కిందికి చూపిస్తూ, కాళ్లు నేలకి తాటిస్తూ, ఒక్క గొంతుతో, "దిగు! దిగు! దిగు!" అంటున్నారు. నవ్వుతూనే అంటున్నారు, సరదాకే అంటున్నారు. వాళ్లకి ఏటా అదో వేడుక. కానీ ఈయన పిడికిలి గుండె మీదే బిగుసుకుపోయింది.

మనిషి మొద్దేం కాదు. రైల్లో చంటిది, ఉక్కగా లేదూ అన్న మాట, ప్రతి పొగడ్తకీ ఒక బిస్కెట్టు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. దిక్సూచి మోసం చేస్తాడన్నమాట. ఓడని నడిమబ్బుల్లో వదిలేసి పోతాడన్నమాట. మధ్యలో ఎక్కినవాడు చివరికి చేసేది ఇదేనన్నమాట. ఈ పిల్లకి మొదటినుంచీ తెలుసు. తెలిసి, నా మురిపెం చూస్తూ కూర్చుంది. ఆయన అడుగు వెనక్కి పడింది. దిగిపోదామనే అనుకున్నాడు.

అప్పుడు గువ్వ వెనక్కి తిరిగింది. వంతెన మీద పరిగెత్తుకొచ్చింది. భారీ మనిషి చేతిలోంచి మైకు లాక్కుని, ఈయనకి అడ్డంగా నిలబడి, గొంతు చించుకుని అరిచింది.

"నోటితాళం! అందరూ నోటితాళం! మా నాన్న ఇంకా మూడో భాగంలోనే ఉన్నాడు!"

అరుపులు టక్కున ఆగిపోయాయి. అంత హాలూ, అన్ని వందల నోళ్లూ, 'దిగు'లో 'ది' దగ్గరే మూతబడ్డాయి. ఎత్తిన కాళ్లు మెల్లిగా కిందికి దిగాయి. ఒక్కొక్క బొటనవేలూ సిగ్గుగా పిడికిట్లో దూరింది. ఎక్కడో ఒక బామ్మ "అయ్యో, ఇంకా చూడలేదా పాపం, నాలుగో భాగం..." అనబోతే మనవరాలు చటుక్కున ఆవిడ నోరు మూసేసింది.

భారీ మనిషి మొహంలో నవ్వు దాచుకుని, గుండె మీద పిడికిలి పెట్టి, "స్వాగతం దిక్సూచిగారూ! మీరు లేకపోతే మా ఓడకి దారే లేదు! గాలి మనదే!" అన్నాడు.

"ఓడ మనదే!" హాలంతా దద్దరిల్లింది.

ఆ రోజు మన సెలూన్ ఆయనకి జరిగిన మర్యాద ఏ పెళ్లికొడుక్కీ జరిగుండదు. అడుగడుగునా ఫోటోలు. "మీరంటే మాకు ప్రాణమండీ" అని ఒకరు, "ఎంత నిజాయితీపరులండీ మీరు" అని ఇంకొకరు, అని పక్కకి తిరిగి కడుపు పట్టుకుని నవ్వుకోవడం. ఓడ చుక్కాని ఈయన చేతికే ఇచ్చారు. గువ్వ పక్కన నిలబడి ఫోటో దిగింది. ఎవరైనా కాస్త నోరు జారబోతే చాలు, మోటారు కళ్లజోడు దించుకుని ఉరిమి చూసేది. ఆయన మాత్రం ఏమీ అర్థం కానట్టు అమాయకంగా తల ఊపుతూనే ఉన్నాడు. లోపల ఒక్కటే మాట మోగుతోంది. మా నాన్న. ఉన్నారు అని కూడా అనలేదు, ఉన్నాడు అంది!

తిరుగు రైల్లో గువ్వ అడిగింది. "నాన్నా, వాళ్లు మొదట్లో ఎందుకలా అరిచారో నీకేమైనా అర్థమైందా?"

"నా చేతులు చూసి ఉంటారమ్మా. పచ్చగా ఉన్నాయిగా."

గువ్వ ఊపిరి పీల్చుకుంది. ఇంటికెళ్లాక తల్లి 'నాన్నా' అన్న పిలుపు విని చేతిలో గ్లాసు వదిలేసింది. అది వేరే సంగతి.

ఇక నాలుగో భాగం. ఆశ్చర్యపోవాలి కదా మరి! మన ఆయన సెలూన్ అద్దం ముందు రోజూ సాధన చేశాడు. "కళ్లు ఇంకాస్త పెద్దవి చెయ్యి. నోరు అంత తెరవకు, పన్ను పీకించుకోడానికొచ్చినట్టుంది" అని రెండో కుర్చీ ఆయన సలహాలు.

ఆదివారం మధ్యాహ్నం ఆ ఎపిసోడ్ రానే వచ్చింది. సోఫాలో ముగ్గురూ ఉన్నారు. నర్సమ్మ కూడా, ఊరికే బట్టలు మడతపెట్టడానికి కూర్చున్నానంటూ. తెర మీద దిక్సూచి మెల్లిగా లంగరు తాడు కోశాడు, చిన్న పడవలోకి దిగాడు, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. ఓడ ఒంటరిగా ఒరిగిపోయింది. గువ్వ తెర చూడటం లేదు, ఆయన మొహాన్నే చూస్తోంది.

ఆయన కళ్లు పెద్దవి చేయబోయాడు. కుదర్లేదు. అద్దంలో నేర్చుకున్నదంతా ఎటో పోయింది. కళ్లవెంట నీళ్లు వాటంతటవే కారిపోయాయి.

"నీకు ముందే తెలుసు కదూ?" అంది గువ్వ.

"మేళాలోనే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"నోటితాళం కదమ్మా."

గువ్వ లేచింది. తలుపు వెనక మేకుకున్న ఆకుపచ్చ మఫ్లరు తీసుకొచ్చి ఆయన మెడ చుట్టూ రెండు చుట్లు చుట్టి, గట్టిగా ముడేసింది.

"వాడు దిగిపోయాడు నాన్నా. నువ్వు దిగకు."

ఆయన గుండె మీద పిడికిలి పెట్టుకున్నాడు. పక్కనుంచి నర్సమ్మ, మడతపెట్టిన బట్టలన్నీ ఒళ్లోంచి జారిపోతున్నా పట్టించుకోకుండా, "ఓడ ఏమైందో చూడనివ్వరా ఏంటి? తర్వాతది పెట్టండి!" అని కసిరింది.